కోటు లోపలి నామాలు

టై ఒకసారి కట్టి చూసుకోవాలి, కానీ గుండుతో టై ఎలా ఉంటుంది, అద్దం ముందు నిలబడితే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో. తండ్రి పోయాడని చెబితే అక్కడివాళ్లు జాలిపడతారు. జాలిపడి ఎవరూ విమానం చేతికివ్వరు.

పురుషోత్తమ పెట్టెలో మళ్లీ తడిమాడు. లైసెన్సు, ఎగిరిన గంటలు రాసిన లాగ్‌బుక్కు, డాక్టరు సర్టిఫికెట్టు, తెల్ల చొక్కా, బూట్లు, బ్రష్షు. మధ్యాహ్నం బెంగళూరులో పైలట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ముదురు రంగు కోటు లేకుండా వెళ్లొద్దని విమానం నేర్పినవాళ్లు మరీమరీ చెప్పారు. ఆ కోటే కొక్కేనికి లేదు.

"నల్లకోటు యాడ పెట్టినావే?"

చెల్లెలు పంకజ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఆ గుండుకి కోటెందుకన్నా? గాలి నున్నగా జారతాది, విమానం లేకనే ఎగరొచ్చు."

కర్మలు నిన్నటితో ముగిశాయి. ఆ ఇంట్లో మళ్లీ ఒకరు వెక్కిరించడం ఇదే మొదలు. అతనికి హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గేసింది.

విమానం మాటెత్తితే నాయన లేచి గుడికి వెళ్లిపోయేవాడు. వద్దని ఒక్కసారీ అనలేదు. అనుంటే ఎదురు చెప్పేవాడు. ఆ మౌనంతో పురుషోత్తమ మనసులో వాదిస్తూనే ఉన్నాడు. మనిషి పోయినా వాదన ఆగలేదు.

అతను బయటికి వచ్చాడు. వీధి అరుగు మీద చిన్నాయన వాసుదేవమూర్తి చాకలి నంజప్ప కోసం ఎదురుచూస్తున్నాడు. పోయినవాళ్లు తొడుక్కున్న బట్టలు ఇంట్లో ఉంచకుండా చాకలికి ఇచ్చేయడం వాళ్ల ఆచారం. పక్కనున్న మూటలోంచి నల్లటి కోటు చెయ్యి ఒకటి వేలాడుతోంది.

"చిన్నాయనా, అది నాది."

"నీదే అప్పా. మీ నాయన తొడిగినాడు కదా."

"నాయనా? కుట్టిన గుడ్డ ఒంటిమీదికి రానీడే!"

"నువ్వు దర్జీకాడినుంచి తెచ్చి, ఈడ తగిలించి బెంగళూరికి పోయినావు చూడు, ఆ మర్నాడు. స్నానం చేసి, ఒళ్లంతా నామాలు పెట్టుకోని, గుడికి పోకుండా లోపల ఏం చేస్తాండాడా అని చూస్తి. పంచె మీద కోటేసుకోని అద్దం ముందర నిలబడుండాడు. 'ఏమన్నా, విమానం తోలేకి పోతాండావా?' అంటి."

"ఏమన్నాడు?"

"'భుజాలు సరిగ్గా కుట్టినాడా అని చూస్తాండా, వాడు పెద్దోళ్ల ముందర నిలబడాల కదా' అన్నాడు. మైల అయిందని మళ్లా బావికాడ నీళ్లు పోసుకోని పూజకి పోయినాడు. నీకు చెప్పొద్దన్నాడు." చిన్నాయన వేలాడుతున్న కోటు చేతిని మూటలోకి తోశాడు. "ఉంచుకోకూడదప్పా. ఉత్త చొక్కాతోనే పోయిరా."

నాయనవీ తనవీ ఒకే భుజాలు. ఆ అద్దంలో నాయన ఎవరిని చూసుకున్నాడు? పురుషోత్తమ ఆ ముఖాన్ని ఊహించబోయాడు. వీపు మాత్రమే కనిపించింది, నల్లకోటు కింద తడి ఆరని పంచె. ఇన్నాళ్లూ తాను వాదించింది ఎవరితో?

దూరంగా బస్సు హారను మోగింది. అతను మూట ముడి విప్పాడు. కోటు లోపలి గుడ్డ మీద, ఛాతీ దగ్గర, భుజాల దగ్గర, చేతుల్లో, తెల్లగా నామాల మరకలు. పెట్టెలోంచి ఎప్పుడు తీసుకున్నాడో, బ్రష్షు చేతిలోనే ఉంది.

చిన్నాయన ముఖం వీధివైపు తిప్పుకున్నాడు.

పురుషోత్తమ బ్రష్షు అరుగు మీద పెట్టేశాడు. ఆ తెలుపు చెరగకుండా, మెల్లగా, కోటులోకి ఒక చెయ్యి దూర్చాడు.