మావయ్య పిక్కబలం

సైకిలు తొక్కుతున్న మనిషి కండరం ఎప్పుడు అలసిపోతుందో ఈఎంజీ యంత్రంతో కొలవడం మేనకోడలి పరిశోధన. కుర్రకాళ్లు కావలసినన్ని దొరికాయి. యాభై దాటిన కాలు దొరక్క ఆమె తల పట్టుకుంటే, మావయ్య తనంతట తానే ముందుకొచ్చాడు.

"అలసట అనేది నా ఒంట్లో లేదమ్మాయ్. మీ యంత్రమే అలిసిపోవాలి."

అన్నమాట ప్రకారం అత్తయ్యను వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వచ్చాడు. తీరా పిక్క మీద వెంట్రుకలు గీయాలనేసరికి మొండికేశాడు.

"ఆ అడవిలో దాచుకోవడానికేం ఉంది? గీయించుకోండి" అంది అత్తయ్య.

గీసినచోట బిళ్లలు అంటించి, తీగలు తగిలించి, మేనకోడలు ఆయన్ను కదలని సైకిలు ఎక్కించింది. కాలు ఆడుతుంటే కండరంలోని విద్యుత్తు తెరమీద గీతై వణికింది. కండరం అలిసేకొద్దీ ఆ వణుకు నెమ్మదిస్తుంది.

"అలసట పదికి ఎంత, మావయ్యా?"

"సున్నా."

ముఖం కందగడ్డలా అయింది. మాట మధ్యలో ఊపిరి తెగుతోంది. అయినా అడిగినప్పుడల్లా సున్నాయే. తెరమీద చూస్తే పిక్క ఎప్పుడో చేతులెత్తేసింది. మేనకోడలు నవ్వు పెదవుల మధ్యే నొక్కేసింది.

అంతలో గీత ఉన్నట్టుండి చాపలా చదునైపోయింది. అత్తయ్య ఒక్క అంగలో వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

"ఏమండీ, ఉన్నారా?"

ఆయన తెరవైపు చూసి తొక్కడం ఆపాడు. గుండెమీద చెయ్యి వేసుకుని, "నాకేం తెలియలేదే" అన్నాడు నీరసంగా.

"అది గుండె కాదత్తయ్యా, పిక్క" అంది మేనకోడలు. చెమటకు బిళ్ల ఊడి ఆయన మేజోడుకు అంటుకుని ఉంది. కదిలే మనిషిని కొలవడంలో ఇదే తంటా. "మళ్లీ మొదట్నుంచి తొక్కాలి మావయ్యా."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మీ అత్తయ్యను ఎక్కించు. పాపం, ఇందాకట్నుంచి ముచ్చటపడుతోంది."

అలాంటి ముచ్చటేదీ లేకపోయినా, పిల్ల చదువు ఆగకూడదని అత్తయ్య పిక్కకు బిళ్లలు అంటించుకుని ఎక్కింది. ఇంకా తొక్కకముందే "పది" అంది. తొక్కుతూ కాళ్లు పీకుతున్నాయంది, నడుము పడిపోతోందంది, ఈ చదువులెవరు కనిపెట్టారంది. తెరమీద గీత మాత్రం మొదలుపెట్టినప్పుడు ఎలా వణికిందో అలాగే వణుకుతోంది. చివరికి మేనకోడలికే విసుగొచ్చి దిగమంది.

"చూశావా, ఎంత అలిసిపోయిందో" అన్నాడు మావయ్య జాలిగా.

మేనకోడలు నోరు విప్పబోయింది. అత్తయ్య కళ్లతోనే వారించింది.

మెట్ల దగ్గర మావయ్య ఒక చేత్తో కమ్మీని, ఇంకో చేత్తో అత్తయ్య భుజాన్ని పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.

"ఈ మెట్లు కట్టినవాడెవడో గానీ, పని రానివాడు" అన్నాడు.

"అవునండీ, మెల్లగా" అంది అత్తయ్య.