పిడి మీద రెండు చేతులు

నోరూ వాయీ లేనిది గనుక తప్పంతా గాలి మీదికే పోయింది. దిగే వేళ అడ్డగాలి కొట్టింది, చిన్న విమానం రెక్క నేలకు రాసుకుంది, చక్రం విరిగింది, గురుశిష్యులిద్దరూ దేవుడి దయవల్ల బతికి బట్టకట్టారు. ఆబిడ్స్ అంతా ఇదే మాట. అది విన్నప్పుడల్లా ఆ శిష్యుడు ఇంద్రసేన అక్కణ్నించి తప్పుకునేవాడు.

జరిగింది వేరు. ఆ విమానంలో పక్కపక్కనే రెండు సీట్లు, విమానాన్ని తిప్పడానికి చెరొక పిడి. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. గాలి తోసేసరికి, రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమయ్యాక రాజమండ్రి నుంచి విమానం నడపడం నేర్పడానికొచ్చిన సోమయాజులు గారు కంగారుగా తన పిడి పట్టుకున్నారు. అంతే, ఇంద్రసేన చెయ్యి తీసేశాడు. మరేం చేస్తాడు? ఆబిడ్స్‌లోని వాళ్ల బట్టల దుకాణంలో నాన్న గజంబద్ద మీద చెయ్యి వేస్తే కొడుకు వదిలేయాల్సిందే. పెద్దల చెయ్యి పడ్డచోట పిల్లల చెయ్యి ఉండకూడదని ఉగ్గుపాలతో రంగరించి పోసిన ఇల్లు. ఈలోగా, నడిపేది పిల్లవాడేలే అనుకుని ఆయనా వదిలేశారు. విమానం ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది.

తప్పు గాలిదైనా సరే, ఇంకో విమానం విరిగితే సోమయాజులు గారి ఉద్యోగం ఉండదంది విమానాల క్లబ్బు.

నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో ఇంద్రసేన సోమయాజులు గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.  ఆయన తన చెయ్యి బల్ల మీద పెట్టి చూపించారు.  ఆ రోజు నుంచీ దాని మీద నమ్మకం పోయిందట.

"అడ్డగాలొస్తే ఈ చెయ్యి మళ్లీ పిడి మీదికి వస్తుందోయ్, నా మాట వినదు. నువ్వే తియ్యమనాలి. అనగలవా?"

"మీతోని గట్లెట్ల అంట సార్? నాకు నోరు రాదు."

"అయితే మనిద్దరికీ విమానం వద్దు" అని ఆయన చాయ్ తాగకుండానే లేచిపోయారు.

ఆ ఒక్క మాట అంటానని ఇంద్రసేన వెంటపడి ఒప్పించాక, తొలకరి గాలుల్లో ఇద్దరూ మళ్లీ ఎగిరారు. నేల దగ్గరపడుతుండగా గాలి పక్కనుంచి తోసింది. రెక్క లేచింది. ఇంద్రసేన పిడిని గాలివైపు వంచాడు. ఉన్నట్టుండి పిడి బరువెక్కింది. ఆ చెయ్యి వచ్చేసింది. అలవాటు కొద్దీ ఇతని వేళ్లు సడలాయి. వెంటనే మళ్లీ బిగించి పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యుండ్రి సార్."

పిడి తేలికైంది. ఒక చక్రం, ఆ వెనకే రెండోది నేలను తాకాయి.

విమానం ఆగగానే ఇంద్రసేన ఆ ఇరుకులోనే గురువుగారి కాళ్లకు దండం పెట్టబోయాడు. సోమయాజులు గారు భుజం పట్టి ఆపారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"దండాలు తర్వాత. ఆ మాట ఇంకోసారి అను, చెవులారా వింటాను."

ఇంద్రసేన నాలిక కరుచుకుని, తన భుజం మీదున్న ఆ చేతిని అలాగే ఉండనిచ్చాడు.