మామిడితొక్కల మేత

చెంగమ్మ ఒక పొట్టేలు ఎడమ డొక్కకు చెవి ఆనించి వింటోంది. మిగతా పదకొండూ నెమరు వేస్తున్నాయి. ఇదొక్కటే దవడ కదపడం లేదు. డొక్క మద్దెలలా బిగిసిపోయింది. రాత్రి తాడు తెంపుకుని, వానకు ఎండక చూరు కింద కుప్పపోసిన పచ్చి తొక్కల్లో మూతి పెట్టింది.

యుద్ధం వచ్చాక చిత్తూరు చివర పటాలానికి మామిడిపండ్ల జాము వండే కొట్టం ఒకటి వెలిసింది. చెంగమ్మ అక్కడ పండ్లు చెక్కుతుంది. గుంటలో పారబోసే తొక్కను గంపలకెత్తుకొచ్చి, పాకాల ఇమాంసాహెబ్ మాంసం కోతకోసం ఆమె దగ్గర వదిలిన పొట్టేళ్లను మేపుతుంది. నిరుడు పచ్చి తొక్క తిని నాలుగు చచ్చాయి. ఇంకోసారి అది ఒక్కదాని నోట పడినా ఈ పని నీకు లేదని సాహెబ్ అప్పుడే చెప్పేశాడు. ముండమోసిన నాటినుంచి ఆమెను నమ్మి ఎవరైనా ఇచ్చినవంటూ ఉంటే ఈ జీవాలే.

అప్పటినుంచి తొక్కను రెండెండలు ఎండబెట్టి, కాయలు కోసేసిన వేరుశెనగ ఎండుతీగ కట్టెతో కలిపి, ప్రతి గంపలోంచీ ఓ ముక్క తను నమిలి చూశాకే తొట్టిలో వేస్తుంది. మామిడికాలమంతా ఆమె పళ్లు పులిసే ఉంటాయి. సంగటి నమలక్కర్లేదు కాబట్టి బతికిపోయింది. ఆ తొక్కలు తిని జీవాలు నున్నగా కండపట్టడం చిన్నప్పుడు చూశాను; తలచుకుంటే, పారబోసేదానిలో అంత బలం ఎక్కడ దాగుందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆరోజు ఆమె పనికి పోలేదు. వేపపుల్లను దాని నోటికి అడ్డంగా కట్టి, ఇంగువ కలిపిన శెనగనూనె పట్టించి, డొక్క నిమురుతూ ఎండలో నడిపించింది. మధ్యాహ్నానికి పొట్టేలు పెద్దగా త్రేన్చింది. ఇంకాసేపటికి దవడ కదిలింది. చెంగమ్మ దాని ముందు చతికిలబడి, దేవుణ్ణి చూసినట్టు చూస్తూ చేతులు జోడించింది.

సాయంత్రం సాహెబ్ మందను తోలుకుపోదామని వచ్చి ఒక్కోదాని నడుము నొక్కి చూశాడు. ఎక్కడా ఎముక వేలికి తగల్లేదు. ఒకటి జబ్బుపడి లేచిందని ఆయనకు తెలిసే దారే లేదు. చెంగమ్మే చెప్పేసింది, పచ్చి తొక్క సంగతితో సహా.

సాహెబ్ ఆ పొట్టేలు తలమీద చెయ్యివేశాడు.

"సచ్చి బతికిండాది సెంగమ్మా. దీన్ని నువ్వే పెట్టుకో."

"వొద్దు సాయిబూ. రోగంతో పోయుంటే నా సేతి తప్పు. కోతకు పొయ్యేది దాని రాత. తోలుకోని పో."

ఆయన వచ్చే మామిడికాలానికి ఇరవై తోలిస్తానని మాత్రం చెప్పి మందను కదిలించాడు. పన్నెండూ రోడ్డెక్కాయి. ఏదీ వెనక్కి చూడలేదు.

వాకిట్లో, పోయేముందు ఆ జబ్బుపడి లేచిన పొట్టేలు నాకుతూ నాకుతూ వదిలేసిన ఎండు టెంక ఒకటి పడివుంది. ఒకవైపు పీచు ఇంకా తడిగానే ఉంది.