అడుగు వరస

మా నాయన పీరా సాహెబ్ నలభై ఏళ్లు చిత్తూరు మండీలో మామిడికాయ రకం తేల్చిన మనిషి. గంప పై వరస వైపు కన్నెత్తి కూడా చూడడు. పై వరస రైతు పేర్చింది, అడుగు వరస చెట్టు కాసింది అంటాడు. చెయ్యి మోచేతిదాకా దించి, అడుగు నుంచి ఒక బేనీషా కాయ లాగి, తొడిమ దగ్గర వాసన చూసి ఒకే మాట చెప్తాడు. "నంబర్ వన్" అంటే ఆ గంప బెంగుళూరు లారీ ఎక్కుతుంది. "ఫ్యాక్టరీ" అంటే జ్యూసు ఫ్యాక్టరీకి పోతుంది. రైతు ఎంత బతిమాలినా ఆ మాట మారదు.

ఈ విద్య మండీలోనే ఉంటే మాకు ఇబ్బంది లేకపోయేది. ఇంటికి కూడా తెచ్చేవాడు. నా పెళ్లి మాటలకు మదనపల్లె పోయినప్పుడు పెళ్లికొడుకును ఒక్క మాట అడగలేదు. నేరుగా వాళ్ల పెరట్లోకి పోయి, అంట్లు తోమే చోటు చూసొచ్చి, సరే అన్నాడు. పెళ్లికొడుకు సంగతి తర్వాత నేనే చూసుకోవాల్సి వచ్చింది.

ఈ ఏడు అమ్మకు కడుపులో గడ్డ బయటపడింది. పెద్ద డాక్టరు కాగితాలన్నీ చూసి, కళ్లద్దాలు తీసి, "ఇంక ఈ జబ్బు వెంట పరిగెత్తొద్దు. రెండు మూడు నెలలు. ఆ రోజులైనా నొప్పి లేకుండా ఉండాలి. ఇంట్లో వేసే మాత్రలు చాలవు" అన్నాడు. అలాంటి వాళ్లను చూసుకునే చోటును హాస్పిస్ అంటారని చెప్పి, నాలుగు పేర్లు రాసిచ్చాడు. తొందరగా చేర్చమన్నాడు. ఇంకో పని కూడా నేర్పాడు: నొప్పి పదికి ఎంత అని రోజూ అడగాలి, ఐదు దాటితే ఆలస్యం చేయకూడదు.

నాయన పొద్దునా సాయంత్రం మంచం తలవైపు కుర్చీ వేసుకుని అడిగేవాడు. అమ్మ నవ్వి, "రెండు" అనేది. నేను అడిగినా రెండే. నాయన ఆ రెండును గుండెలకు హత్తుకుని, తీరిగ్గా హాస్పిస్‌ల రకం తేల్చడానికి బయల్దేరాడు. పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి నేను వెంట పోయేదాన్ని. పక్కింటి అలివేలమ్మ అమ్మ దగ్గర కూర్చునేది.

మొదటిది ఫోన్లోనే పోయింది. అవతల ఒక అమ్మాయి తీయటి గొంతుతో ఏదో చెప్పింది. నాయన ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "నెలాఖరు లోపల చేరితే ఆఫరుందంట మే! ఉగాదికి చీరలమ్మతాండారా వీళ్లు? ఫ్యాక్టరీ!" అన్నాడు.

రెండోది తిరుపతిలో. ముందు ఫౌంటెన్, లోపల చేపల తొట్టి, అద్దంలా మెరిసే నేల. మేనేజరు పేరు దయానంద్. మెడలో టై, చేతిలో రంగుల పుస్తకం.

"మాది ఫైవ్ స్టార్ కేర్ సార్," అన్నాడు.

"బాగైపోయి ఎంతమంది ఇంటికి పోయినారప్పా ఈడ్నుంచి?"

దయానంద్ పుస్తకం మూశాడు. నా వైపు చూశాడు. నేను చేపల వైపు చూశాను.

"సార్... ఇక్కడ ఎవరూ బాగవరు సార్."

"అది నాకూ తెలుసు. నువ్వు నిజం చెప్తావా లేదా అని అడిగినా. సరే, ఖాళీ రూము చూపించు."

రూములో మంచం పక్కన ఎర్ర బెల్లు ఉంది. నాయన దాన్ని నొక్కి, గడియారం చూస్తూ మంచం మీద కూర్చున్నాడు. దయానంద్ ఏసీ గురించి చెప్పాడు, పరుపు గురించి చెప్పాడు, చివరికి చెమట తుడుచుకున్నాడు. పదిహేడు నిమిషాలకు ఒకతను వచ్చి, మమ్మల్ని చూడకుండానే బెల్లు ఆపేసి వెళ్లిపోయాడు. నాయన లేచి, ఫౌంటెన్ పక్కనుంచి నడుస్తూ, ఎవరికీ వినిపించదనుకుని గట్టిగా అన్నాడు. "పై వరస నిండా బేనీషా. అడుగున కుళ్లు. ఫ్యాక్టరీ."

మూడోది చంద్రగిరి దాటాక, తోటలో. గేటు నుంచే పిల్లనగ్రోవి పాట. వరండాలో, గదుల్లో, ఆఖరికి బాత్రూములో కూడా స్పీకరు. మనసుకు శాంతి అని చెప్పింది అక్కడి ఆవిడ. మేము నడుస్తుంటే ఒక ముసలాయన వేలితో నాయనను పిలిచాడు. నాయన వంగి చెవి పెట్టాడు.

"అప్పా, నీకు దండం పెడతా. ఆ పిల్లనగ్రోవి ఒక్క పూట ఆపించు. ప్రశాంతంగా చచ్చిపోతా."

నాయన గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేశాడు. ముసలాయన అప్పటికప్పుడు గురక పెట్టాడు. మమ్మల్ని గేటు దాకా మర్యాదగానే సాగనంపారు. బస్సులో నాయన చాలా సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషం చూసి నాకు ఒళ్లు మండింది.

"ఇరవై రోజులైంది నాయనా. నువ్వు చోటు వెతకతాండావా, తప్పించుకుంటాండావా?"

"తొందరేమి మే? రెండే కదా నొప్పి."

"అన్నీ ఫ్యాక్టరీకే పంపిస్తే అమ్మ యాడుండాలా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా పక్కన" అన్నాడు. మా ఇంట్లో ఒక అలవాటుంది. ముద్దు ఉర్దూలో, గొడవ తెలుగులో. అమ్మ మంచం పట్టినప్పటి నుంచి నాయన నోట ఒక్క ఉర్దూ మాట రాలేదు. ఆ సంగతి నాకు ఆ బస్సులోనే తట్టింది.

నాలుగోది పలమనేరులో. మొగిలి ఘాటు రోడ్డు ఎక్కిన బస్సు చల్లగాలిలోకి దింపింది. వెతుక్కుంటూ పోతే ఒక పాత పెంకుటిల్లు, సున్నం రాలిన గోడ, ముందర కట్టేసిన ఆవు. బోర్డు మీద సగం అక్షరాలు ఎగిరిపోయాయి. ఎనిమిది మంచాలు. నాయన ముఖం వెలిగింది.

"పై వరసే ఇట్లుంటే అడుగు వరస చూసే పనే లేదు. పదమ్మే, బస్సుకు పోదాం."

లోపలి నుంచి ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పేరు జెస్సీ. యాభై ఏళ్ల నర్సు. నలిగిన తెల్లచీర, కాళ్లకు రబ్బరు చెప్పులు. మేమెందుకు వచ్చామో విని, "చూసేదానికేముంది సాహెబ్ గారూ, ఒక మంచం ఖాళీగా ఉండాది. పండుకుని చూడండి" అంది.

నలభై ఏళ్లలో నాయనతో ఎవరూ అట్లా అని ఉండరు. పౌరుషానికి పోయి పండుకున్నాడు. చెప్పులు విప్పి, టోపీ తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆ మనిషిని ఆ మంచం మీద చూసేసరికి నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి.

"ఈ మంచం ఎందుకు ఖాళీ?"

"నిన్న పొద్దున ఖాళీ అయింది."

నాయన లేవబోయాడు. పౌరుషం అడ్డొచ్చి మళ్లీ పండుకున్నాడు. "ఎట్ల పోయినాడు?"

"నిద్దర్లో. ముందురోజు రాగిసంకటి అడిగినాడు. రెండు ముద్దలు తిని, ఊరిబిండి పచ్చట్లో కారం తక్కువైందని మా వంటామెను తిట్టినాడు."

"బెల్లు యాడ?"

జెస్సీ తలవైపు చూపించింది. స్టీలు పళ్లెం, గరిటె. నాయన గరిటెతో ఒకటి వాయించాడు. లోపలి నుంచి వంటామె పిండి చేతులతో పరిగెత్తి వచ్చింది. పెరట్లోంచి ఒకతను బక్కెట్టుతో వచ్చాడు. పక్క మంచంలోని తాత మోచేతి మీద లేచి, "ఏమప్పా, ఏం కావాలా నీకు? నీళ్లా?" అన్నాడు. గడియారం చూసుకునే తీరిక నాయనకు దొరకలేదు. దిక్కుతోచక, "నీళ్లే" అన్నాడు. ముగ్గురి ముందర గ్లాసుడు నీళ్లు తాగాల్సి వచ్చింది.

జెస్సీ స్టూలు లాక్కుని, తలవైపు కాకుండా కాళ్లవైపు వేసుకుని కూర్చుంది.

"నొప్పి పదికి ఎంత సాహెబ్ గారూ?"

"నాకేమి నొప్పి? మోకాళ్లు ఉండాయి. మూడు."

"మీ ఆమెకు?"

"రెండు," అన్నాడు నాయన గర్వంగా. "ఎప్పుడడిగినా రెండే. గట్టి మనిషి."

"అడిగింది ఎవరు?"

"నేనే. రోజుకు రెండుసార్లు."

"మీరడిగితే రెండే చెప్తాది," అంది జెస్సీ. "ఇంటోళ్లు అడిగితే అందరూ రెండే చెప్తారు. ముఖంతో నవ్వొచ్చు, గొంతుతో అబద్ధం చెప్పొచ్చు. కాళ్ల వేళ్లతో చెప్పలేరు. మీ ఆమె కాళ్ల వేళ్లు చూసినారా?"

నాయన మంచం మీద నుంచి మెల్లగా లేచాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. నంబర్ వన్ అనలేదు, ఫ్యాక్టరీ అనలేదు. ఘాటు దిగుతున్నంతసేపూ గంపల అడుగు తడిమే తన చెయ్యి తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే చెప్పులతోనే లోపలికి పోయాడు. అలివేలమ్మ లేచి పక్కకు తప్పుకుంది. నాయన తలవైపు కుర్చీ వదిలేసి మంచం కాళ్లవైపు నేల మీద కూలబడ్డాడు.

"ఎంత?"

"రెండు," అంది అమ్మ నవ్వుతూ.

నాయన దుప్పటి ఎత్తాడు. అమ్మ కాళ్ల వేళ్లు పదీ లోపలికి ముడుచుకుని, చెట్టెక్కినవాడు కొమ్మను పట్టుకున్నట్టు పరుపును పట్టుకుని ఉన్నాయి. కణుపులు తెల్లగా పాలిపోయాయి. పైన ముఖం నవ్వుతూనే ఉంది.

"పై వరస చూసి మోసపోయినా మే," అన్నాడు నాయన నాతో, తల ఎత్తకుండా.

నేను పదహారేళ్లుగా టీచర్ని. బడి ఎగ్గొట్టడానికి పిల్లలు చెప్పే దొంగ కడుపునొప్పిని నిమిషంలో పట్టుకుంటాను. మా అమ్మ నిజం నొప్పిని ఇన్ని రోజులు పట్టుకోలేకపోయాను. ఇంట్లో ఇంత నొప్పి పెట్టుకుని బస్సుల్లో తిరిగి, ఊరూరా ఫౌంటెన్లను, పిల్లనగ్రోవులను ఎగతాళి చేశాము. నాకు సిగ్గేసింది.

నాయన రెండు చేతుల్లోకీ ఆ పాదాలు తీసుకున్నాడు. "దిల్షాద్," అన్నాడు. "భోత్ దుఖ్తా క్యా?"

చాలా నొప్పిగా ఉందా అని. అంతే. ఎన్ని నెలలకో విన్న ఆ ఉర్దూ మాటకు అమ్మ నవ్వు నిలబడలేదు.

"నౌ," అంది. తొమ్మిది.

"ఎప్పటినుంచి?"

"మీరు తిరుపతికి పోకముందు నుంచి. అంతకుముందు, ఈ అంకెలు రాకముందు ఒకసారి నొప్పి అన్నాను. మీరు రెండు రోజులు అన్నం తినలేదు. ముసలాయన మాడిపోతాడని రెండు దగ్గర ఆపేశాను."

అమ్మను ఆ సాయంత్రమే పలమనేరు తీసుకుపోయాము. పళ్లెం వాయించినప్పుడు నీళ్లు కావాలా అని అడిగిన తాత పక్క మంచం. మొదటి పొద్దు జెస్సీ వచ్చి, కాళ్లవైపు కూర్చుని, "ఎంతమ్మా?" అని అడిగింది. అమ్మ నాయన వైపు చూసింది.

"రెండు."

"సాహెబ్ గారూ," అంది జెస్సీ, "మీరు పోయి ఆవును సూసి రాండి."

"ఆవును నేనెందుకు చూడాలా?"

"ఊరికే. మంచి ఆవు."

నాయన గొణుక్కుంటూ బయటికి పోయాడు. పోయినవాడు ఆవు దగ్గరికి పోలేదు, తలుపు వెనక నిలబడ్డాడు. ఆయన చెప్పుల కొనలు తలుపు కింద నుంచి మాకు కనిపిస్తూనే ఉన్నాయి. అమ్మకు అవి కనపడకుండా జెస్సీ జరిగి కూర్చుంది.

"ఏడు," అంది అమ్మ.

జెస్సీ డాక్టరుకు ఫోను చేసి మందు మార్చింది. మర్నాడు "ఆవు" అనకముందే నాయన లేచి బయటికి నడిచాడు. ఐదు. ఆ మర్నాడు నాలుగు. ఒకరోజు మళ్లీ ఆరు అయితే, తలుపు వెనక నుంచి "యా అల్లా" అని వినిపించింది. అమ్మ ఉలిక్కిపడి, "ఆవుకు ఉర్దూ వచ్చా?" అంది. పక్క మంచం తాత పడీపడీ నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

తొమ్మిదో రోజు జెస్సీ అడిగింది. నాయన తలుపు వెనక ఉన్నాడు. అమ్మ కాస్త ఆలోచించి, "రెండు" అంది.

తలుపు దభాలున తెరుచుకుంది. "అబద్ధం!" అంటూ నాయన నేరుగా కాళ్లవైపు వచ్చి దుప్పటి ఎత్తాడు. నేనూ వంగి చూశాను. అమ్మ కాళ్ల వేళ్లు విడివిడిగా, వదులుగా ఉన్నాయి. నాయన బొటనవేలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపాడు. అది ఎటు కదిపితే అటు కదిలింది.

"ఏం సాహెబూ," అంది అమ్మ, "తొడిమ దగ్గర వాసన కూడా చూస్తారా?"

జెస్సీ మందు సీసా మూత బిగిస్తూ, "చెప్పండి సాహెబ్ గారూ, మా సరుకు ఏ నంబరు?" అని అడిగింది.

నాయన దుప్పటి సరిగ్గా కప్పి, కాళ్ల కింద దోపి, "ఆవును సూసి వస్తా" అన్నాడు.

ఈసారి తలుపు కింద చెప్పులు కనిపించలేదు. కిటికీలోంచి చూస్తే నాయన నిజంగానే ఆవు దగ్గరికి పోయి, దాని మెడ మీద నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆవు గడ్డి నములుతూ ఆయన్ను అట్లాగే ఉండనిచ్చింది.