దురుగమ్మ ద్రాక్ష తొట్టి

పిల్లలూ, మీరు బళ్లారికి దూరంగా పెరుగుతున్నారు, ఇది మీకెవరూ చెప్పి ఉండరు, మీ అమ్మగా నేనే చెప్పాలి.

గాంధీనగర్‌లో మీ జేజి, మీ నాయన తల్లి దురుగమ్మ, వాకిట్లో నడుమెత్తున బండలు పేర్చి, అడుగు లేని తొట్టి కట్టి ద్రాక్ష పెంచేది. రోజూ పొద్దున్నే మట్టి ఎంత దిగిందో చూసి, అంత చెరువు మట్టి, మాగిన పేడ కలిపి పోసేది. తీగ మొదలు మాత్రం కప్పేది కాదు.

ఆ వీధిలో ఎవరిని కొట్టినా తొట్టిలో మట్టి దిగేది. చెంపదెబ్బకు వేలెడు, రాడ్డు దెబ్బకు మూరెడు. గనులు జోరందుకున్న ఏళ్లవి. గంపలకొద్దీ మట్టి పట్టేది. "మూరెడు దిగిండాదంట, ఎవరి తల పగిలిందో" అని పాల దగ్గర ఆడవాళ్లు అనుకునేవాళ్లు.

మీ నాయన మౌనేష్ అప్పుడు గని లారీ నడిపేవాడు. ఒకసారి తీగను పందిరికి నైలాన్ తాడుతో బిగించి కట్టాడు. సాయంత్రం వీధి మూలలో ఎవరో ఒక క్లీనర్‌ను రాడ్డుతో కొట్టారు. మట్టి దిగింది. తీగ దిగలేక మొదట్లో తెగింది.

"ముడి వదులుగా ఎయ్యాలప్పా. మట్టితో పాటు అదీ దిగాల గదా," అంటూ దురుగమ్మ మిగిలిన తీగల ముళ్లన్నీ సడలించింది.

ఆ ఎండాకాలం గని చరియ విరిగిపడి ఇద్దరు కూలీలు చనిపోయారు. కాంట్రాక్టర్ సోమప్ప శవాలను అక్కడే పూడ్పించాడు. మౌనేష్ పోలీసులకు చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం సోమప్ప జీపు వీధిలోకి వచ్చింది. మౌనేష్ తొట్టిలోకి దూకి ముడుచుకుని పడుకున్నాడు. వీపు బండల పైకి కనిపిస్తోంది. దురుగమ్మ అడ్డం నిలబడింది.

"యాడ నీ కొడుకు?"

"డ్యూటీకి పోయిండాడు."

సోమప్ప రాడ్డు ఎత్తాడు. వెంట వచ్చిన నింగప్ప ఆ వీధివాడే. "వద్దన్నా, కొడితే మట్టి దిగుతాది," అన్నాడు.

"దిగనీలేరా, మళ్లా పోసుకుంటాది."

మొదటి దెబ్బకు ఆమె మోచెయ్యి విరిగింది. మట్టి మూరెడు దిగింది, దాంతోపాటు మౌనేష్, తీగలు.

"ఇంతేనా? మీయమ్మ రొట్టె పెట్టలేదేందిరా?" అంది దురుగమ్మ.

మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎగతాళి చేసింది. ఎన్ని దెబ్బలో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేను ఊహించి చెప్పను. నోట్లోంచి రక్తం కారుతుంటే ఆమెను పక్కకు తోసి తొట్టిలోకి చూశారు. చీకటి గుంతలోకి దిగిన తీగలు తప్ప ఏమీ కనిపించలేదు. వెళ్లిపోయారు.

కాసేపటికి నింగప్ప ఒక్కడే మోకు తీసుకుని తిరిగొచ్చి, మౌనేష్‌ను పైకి లాగాడు.

మౌనేష్ సాక్ష్యం చెప్పి, నన్ను తీసుకుని ఊరు వదిలాడు. ముళ్లు వదులుగా ఉండబట్టి ఆ రోజు ఒక్క తీగ కూడా తెగలేదు. దురుగమ్మ రెండో చేత్తో మట్టి పోస్తూనే ఉంది.

మీరు మీ పిల్లలకు చెప్పండి. దెబ్బలెన్నో తెలియకపోయినా ఫరవాలేదు, ముడి సంగతి మాత్రం మరవకండి.