బతికినన్నాళ్లూ లియావ్

జాడీ మూత తీసి, పైన పేరుకున్న ఉప్పు పొరను వాన్‌దే వేలితో నొక్కి చూశాడు. పొర చెక్కుచెదరలేదు. అడుగున నల్ల సోయా గింజలు తమ మానాన తాము ఊరుతున్నాయి. మూత పెట్టి పక్క జాడీకి జరిగాడు. మా షీలువో ఊళ్లో సోయా సాస్ పెట్టే ఆ ఆవరణలో చిన్నప్పటినుంచీ అతని పని ఇదే. నడుం వంగి అలాగే ఉండిపోయింది. అరచేతులు ఉప్పుకి పగిలి తెల్లబడ్డాయి. పెళ్లి చేసుకోలేదు. ఎవరితోనైనా తగువు పడ్డట్టు ఎవరికీ గుర్తు లేదు.

యజమాని లియావ్ చావ్‌రెన్ అతనికి అన్న వరస. వరదల తర్వాత దిక్కులేక తిరుగుతున్న పిల్లాణ్ణి చావ్‌రెన్ తండ్రి ఇంటికి తెచ్చి, అన్నం పెట్టి, తన ఇంటిపేరిచ్చాడు. పనీ ఇచ్చాడు. పేరుకి తమ్ముడు, పనికి పాలేరు.

మా లియావ్‌లది అదో రకం వంశం. సముద్రం అవతల, ఫూజియన్‌లో, జాంగ్ ఇంటి కుర్రాడొకడు లియావ్‌లకి ఇల్లరికం వెళ్లాడు. మామ ఇంటిపేరు నిలబెట్టాలి, కన్నవాళ్లదీ పోకూడదు. అందుకని తన సంతతి బతికినన్నాళ్లూ లియావ్‌లుగా ఉండాలనీ, పోయాక సమాధి రాతిమీద జాంగ్ అని చెక్కించాలనీ చెప్పి కన్నుమూశాడు. అతని వారసులు సముద్రం దాటి వచ్చి ఈ ఊరు నింపేశారు. బజార్లో 'లియావ్' అని పిలిస్తే సగం బజారు వెనక్కి తిరుగుతుంది. శ్మశానంలో మాత్రం అందరం జాంగ్‌లమే.

వాన్‌దేకి ఈమధ్య పట్టుకున్న బెంగ అదే. బతికుండగా ఇంటిపేరు దయతలచి ఇవ్వొచ్చు. చచ్చాక వచ్చే పేరు రక్తసంబంధీకులకేనేమో. అది రాకపోతే పితృమందిరంలో అతని పేర పలక ఉండదు, అగరొత్తి వెలిగించే దిక్కూ ఉండదు.

మధ్యాహ్నం ఇద్దరూ అరుగుమీద అన్నం తింటుండగా అడిగేశాడు.

"అన్నా, నేను పోతే రాతిమీద ఏం చెక్కిస్తావు?"

చావ్‌రెన్ నమలడం ఆపలేదు. "ముందు పోయి చూడరా. నచ్చకపోతే లేచొచ్చి చెబుదువుగాని."

"వేళాకోళం కాదన్నా."

"తిని కాసేపు పడుకో. నువ్వు పోతే ఈ జాడీలెవడు చూస్తాడు, నేనా?"

వాన్‌దే నవ్వాడు. జవాబు రాలేదని అతనికీ తెలుసు. రేకుల నీడలో చాప పరుచుకుని నడుం వాల్చాడు. సాయంత్రం పనివాళ్లు లేపబోతే లేవలేదు.

మర్నాడు రాళ్లు చెక్కేవాడు వచ్చాడు. "ఈయన పెంపకమటగా. లియావ్ అనే ఉంచేద్దామా, యజమానిగారూ?"

చావ్‌రెన్ ఎదురు ప్రశ్న వేశాడు.

"మా నాన్న రాతిమీద ఏముంది?"

"జాంగ్ అని."

"తండ్రి జాంగ్ అయితే కొడుకు ఇంకేమవుతాడయ్యా? నిన్న వాడు నన్నడిగాడు. ఈ ముక్క అప్పుడే చెప్పుండాల్సింది." అనేసి జాడీల దగ్గరకి నడిచాడు.

కార్ఖానాలో సగంమంది లియావ్‌లే కాబట్టి, కలిసిపోకుండా అందరూ టిఫిన్ డబ్బాలమీద సొంత పేర్లు గీసుకుంటారు. వంటింటి అరలో ఒక డబ్బా మిగిలిపోయింది. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. దాని మూతమీద మేకుతో గీసిన ఇంటిపేరొక్కటే ఉంది, లియావ్ అని.