వానపాము కార్డు

పొయ్యి మీద కూర అడుగంటకుండా ఓ కన్ను అటు వేసి, వంటగట్టు మీదే అట్టముక్కలు పరుచుకుని బొమ్మలు గీసింది ఆమె. చెట్టు, జింక, పులి, గద్ద, గుడ్లగూబ. చివర్లో మిగిలిన అట్టముక్క మీద వానపాము.

"మూడో తరగతి పిల్లలకి ఇంత హంగామా ఎందుకోయ్? పుస్తకంలో ఉన్నది చదివించేస్తే సరిపోదూ?" అన్నాడు భర్త, టీ కోసం చెయ్యి చాస్తూ. చెయ్యి చాస్తే కప్పు దానంతటదే వచ్చి వాలుతుందని ఆయనకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది పాపం.

పాఠం ఆవాసాల గురించి. ఏ ప్రాణికైనా తిండి, నీళ్ళు, తలదాచుకునే చోటు కావాలి. ఒక చోట బతికేవన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఆ మాట బోర్డు మీద రాస్తే పిల్లలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు, అంతే. అందుకే దాన్ని ఆటగా మార్చింది. మెడలో తలా ఒక కార్డు, అందరి చేతుల్లోంచీ తిరిగే ఊలుదారం ఒకటి. ఎవరు వదిలినా మిగతా అందరి చేతికీ తెలుస్తుంది. క్లాసులో పులి కార్డు కోసం పిల్లలు జుట్లు పట్టుకున్నంత పని చేశారు. వానపాము దగ్గరికొచ్చేసరికి "ఛీ, యాక్" అని వెనక్కి జరిగారు.

ఆమె ఊరుకుంటుందా? "ఒరేయ్, వానపామంటే ఏమనుకున్నారు? అందరూ తినగా మిగిలిందీ, రాలిందీ, కుళ్ళిందీ తిని మంచి మట్టిగా మార్చేది అదే. అదే లేకపోతే అడవంతా చెత్తకుప్ప. పులికన్నా గొప్పదర్రా!" అని ఊదరగొట్టింది. చివరి బెంచీలోంచి ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకత్తి వచ్చి మెడ వంచింది. ఆ రోజు నుంచి ఆ కార్డు ఆ పిల్లదే. హమ్మయ్య అనుకుంది టీచరు.

అదే తరగతిలో ఆమె కూతురూ ఉంది. ఇంట్లో అమ్మ మాట చెవిన పెట్టదు కానీ, బడిలో టీచర్ చెప్పిందంటే ఇక దానికి తిరుగు లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ బడిసంచిలోంచి తీసిన కార్డులూ, నాన్నమ్మ ఊలుదారం ఉండా పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"నాన్న పులి. తాతయ్య గుడ్లగూబ, రాత్రంతా టీవీ చూస్తాడు కాబట్టి. నాన్నమ్మ చెట్టు. నేను జింక."

ఆమె వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడి తింటోంది. గిన్నె అడుగున మాడిన అన్నం, కూతురు వదిలేసిన సగం ముద్ద, అందరూ ఏరుకోగా మిగిలిన కూర. అత్తగారు ఇప్పటికీ మగవాళ్ళు లేచాకే కూర్చుంటుంది. కోడలి వంతు ఆ తర్వాత. కూతురు స్టూలెక్కి వెనకనుంచి ఆమె మెడలో కార్డు వేసి, చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి, అందరూ పట్టుకున్న ఊలుదారం ఆమె చేతికీ ఇచ్చింది.

వానపాము.

"అబ్బో, అచ్చు గుద్దినట్టు సరిపోయిందే!" అని పులి పగలబడి నవ్వింది.

పిల్లకి కోపం వచ్చింది. "నవ్వకండి! అందరూ తిన్నాక మిగిలింది తినేది వానపాము. మాడిందీ, నేను వదిలేసిందీ అన్నీ అమ్మే తింటుంది. తర్వాత అంతా శుభ్రం చేస్తుంది. అమ్మ లేకపోతే మనిల్లు కంపు కొడుతుంది. పులికన్నా గొప్పదని టీచర్ చెప్పింది."

టీచర్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నిజమేనే, మీ అమ్మ బంగారం," అంది అత్తగారు నవ్వుతూ. "ఆ కార్డు నా మెడలో ఉండేది. కోడలొచ్చాక తనకిచ్చేశా."

"అయితే అమ్మ తర్వాత నాకా?" అంది పిల్ల. ఆటలో వంతు అడిగినంత మామూలుగా అడిగింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మా కోడలికి ఓపికెక్కువ, అని అత్తగారు. మా ఆవిడకి ఏం పెట్టినా ఫరవాలేదు, సర్దుకుపోతుంది, అని ఈయన. మీ చేతి టీ తాగాకే మీటింగు మొదలుపెడదాం మేడమ్, అని హెడ్మాస్టరు. ఇన్నేళ్ళూ ఈ పొగడ్తలన్నీ విని లోలోపల మురిసిపోయింది కూడానూ, సిగ్గు లేకపోతే సరి! ఎవరూ ముట్టుకోని కార్డుని ఒకరి మెడలో వెయ్యాలంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలియదా? ముందు దాన్ని ఆకాశానికెత్తి పొగడాలి. మొన్న క్లాసులో తను చేసిందీ అదే. ఆ నోరెత్తని పిల్ల వంచిన మెడ కళ్ళముందు మెదిలింది. రేపు వెళ్ళగానే దానికి పులి కార్డు ఇవ్వాలి. కానీ ఇక్కడ, ఇంట్లో, తన కూతురి మెడ ఉంది. అది వంగకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ వంగకూడదు అనుకుంది.

"అమ్మా, దారం గట్టిగా పట్టుకో. నువ్వు వదిలేస్తే అందరికీ తెలిసిపోతుంది," అంది పిల్ల.

"తెలియనీ," అని ఆమె దారం వదిలేసింది. కార్డు తీసి చేతిలో పట్టుకుంది.

సాయంత్రం వంట మామూలుగానే చేసింది. గిన్నెలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, దానికి వడ్డించి, పొగలు కక్కుతున్న కూర తన కంచంలో నిండుగా వేసుకుంది. తినడం మొదలుపెట్టింది.

భర్త కుర్చీలో కూర్చుని ఖాళీ కంచం కేసీ ఆమె కేసీ చూశాడు. "మరి మాకెవరు వడ్డిస్తారు?"

ఆమె కార్డు తీసి గిన్నెల మధ్య పెట్టింది. "ఇక ఇది నేనూ వేసుకోను, పాపా వేసుకోదు. వంతులేసుకుంటారో, చీట్లేసుకుంటారో మీరే తేల్చుకోండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లివైపు తిరిగాడాయన. "చూశావా అమ్మా? ఇద్దరూ ఎలా ఏకమైపోయారో!"

అత్తగారు కూరలోంచి లేస్తున్న పొగనే చూస్తోంది. తర్వాత నెమ్మదిగా వచ్చి, కోడలి పక్కనున్న కుర్చీ బరబరా లాక్కుని కూర్చుంది.

"ఇద్దరు కాదురా, ముగ్గురం," అంది. "ఆ కూరగిన్నె ఇలా అందించు."